పద్నాలుగో మీటింగులో పదకొండో నిమిషం

విల్మా స్టట్స్‌కీ పందొమ్మిదేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చుంది. ఊళ్లో ఎవరి దగ్గు ఎలా ఉంటుందో కూడా ఆమెకు తెలుసు. తర్వాత జనం తమ నంబర్లు తామే తిప్పుకునే ఫోన్లు వచ్చాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమెతో సహా పదకొండు మంది ఆడవాళ్లకు కేకు కోసిపెట్టి ఇళ్లకు పంపించేశారు.

ఆ ఏడాదే, పంతొమ్మిది వందల అరవై మూడులో, ఒహాయోలోని ఒక విశ్వవిద్యాలయం వాళ్లకు శ్రద్ధగా వినగలిగిన మనిషి కావాలని పేపర్లో చూసి వెళ్లింది. అప్పటికామెకు నలభై ఏడు.

పని వినడమే. ఒక కంపెనీ నుంచి ఐదుగురు వచ్చి, బల్ల చుట్టూ కూర్చుని, తమ కంపెనీ సమస్య ఒకటి మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వస్తారు. వాళ్ల వైపు నుంచి చూస్తే గోడకు అద్దం ఉన్నట్టుంటుంది, ఇవతలివాళ్లకు మాత్రం అందులోంచి గదంతా కనిపిస్తుంది. ఇవతల చీకటిగదిలో విల్మా, మధ్యలో అట్ట అడ్డం పెట్టుకుని ప్రెంటిస్ గేజ్ అనే పరిశోధక విద్యార్థి. ఇద్దరి ముందూ గళ్ల కాగితాలు. మాటలన్నీ ఒక యంత్రంలో టేపు మీదకు కూడా ఎక్కుతుంటాయి. ఎవరు ఏ నిమిషంలో నోరు విప్పారు, సూచన చేశారా, ఒప్పుకున్నారా, కాదన్నారా, ఊరికే పక్కమాట మాట్లాడారా అన్నది గుర్తులు పెట్టాలి. కాగితం అడుగున ఒక గీత ఉంటుంది. చివరికి తేలిన నిర్ణయం మొట్టమొదట ఎవరి నోట వచ్చిందో ఆ పేరు అక్కడ రాయాలి. ఇద్దరూ ఒకే పేరు రాస్తే ఆ మీటింగు పరిశోధనలోకి చేరుతుంది. వేరువేరు పేర్లు వస్తే కూర్చుని మాట్లాడుకుని ఒక పేరుకు రావాలి.

"ఒకరి కాగితంలోకి ఒకరు తొంగి చూడొద్దు" అని మొదటిరోజే చెప్పాడు ప్రొఫెసర్ హాల్వర్ బ్రాండ్‌వోల్డ్. ఆయన మర్యాదస్తుడు. తలుపు తీసి పట్టుకుని ఆడవాళ్లను ముందు వెళ్లనిచ్చేవాడు. పై అధికారి దారి చూపిస్తే జట్టు మంచి నిర్ణయం తీసుకుంటుందన్నది ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదే పుస్తకం రాస్తున్నాడు.

పద్నాలుగో మీటింగుకు టమాటాలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ వాళ్లు వచ్చారు. నలుగురు మగవాళ్లు, ఒక ఆడమనిషి. ఆమె ఓర్ఫా లైనింగర్, కాయలు ఏరే వరసకు మేస్త్రీ. సమస్య తేలికగా చెప్పవచ్చు. ఆగస్టులో రైతుల లారీలన్నీ తెల్లారేసరికే గేటు ముందు బారులు తీరతాయి. మధ్యాహ్నానికి సగం సరుకు ఎండలో చితికి నీళ్లు కారుతుంది.

రైతులకిచ్చే డబ్బులో కోత పెట్టాలన్నాడొకడు. కాయలు మోసుకెళ్లే బెల్టు ఇంకోటి కొనాలన్నాడు మరొకడు. పదకొండో నిమిషంలో ఓర్ఫా అంది: "ఒక్కో రైతుకు ఒక్కో టైమిద్దాం. పళ్ల డాక్టరు ఇస్తాడే, అలాగ. సగంమంది పొద్దున, సగంమంది భోజనాలయ్యాక."

ఎవరూ ఆమె వైపు తిరగలేదు. బెల్టు ఎంత పొడవుండాలన్న మాట మళ్లీ మొదలైంది. ఇరవై ఆరో నిమిషంలో మేనేజరు టోలివర్ కుర్చీలో వెనక్కి వాలి, "ఇదిగో, నాకొకటి తడుతోంది. రైతులకు టైములు ఇచ్చేస్తే?" అన్నాడు. మిగతా మగవాళ్లు ముగ్గురూ బల్ల మీద చరిచారు. టోలివర్ ఓర్ఫా వైపు తిరిగి, "అమ్మాయ్, ఇది రాసుకో" అన్నాడు. యాభై ఏళ్ల మనిషి, ఆమె రాసుకుంది.

విల్మా పెన్సిల్ మొన విరిగింది. ఇంకో పెన్సిల్ తీసుకుని అడుగు గీత మీద 'లైనింగర్' అని రాసింది. ప్రెంటిస్ 'టోలివర్' అని రాశాడు. పదకొండో నిమిషం గడిలో అతను పెట్టిన గుర్తు పక్కమాట.

మర్నాడు పొద్దున ముగ్గురూ ప్రొఫెసర్ గదిలో కూర్చున్నారు.

"విల్మాగారి చెవికి చీమ తుమ్మినా సూచనలాగే వినిపిస్తుందండీ" అన్నాడు ప్రెంటిస్ నవ్వుతూ.

"చీమ తుమ్మితే తుమ్మిందనే రాస్తాను నాయనా. ఆవిడ తుమ్మలేదు. టైములిద్దామంది."

"ఏదో పళ్ల డాక్టరు గురించి కదండీ ఆవిడ మాట్లాడింది."

"టేపు ఉందిగా. పెట్టి వింటే సరిపోతుంది" అంది విల్మా.

ప్రొఫెసర్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, సూచన అంటే ఏమిటన్నది చాలా లోతైన ప్రశ్న అన్నాడు. ఆ లోతులోకి పావుగంట దిగాడు. కాఫీ వచ్చింది. ప్రెంటిస్ కప్పు అందుకుంటూ, "సార్, అసలు టేపు ఒకసారి వింటే ఎలా ఉంటుంది?" అన్నాడు.

"శభాష్! అలా ఉండాలి" అన్నాడు ప్రొఫెసర్.

విల్మా ఇద్దరి మొహాలూ చూసింది. వెటకారమేమో అనుకుంది. కాదు. ఆ మాట ముందు తనే అన్నదని వాళ్లకు నిజంగానే తెలియలేదు.

టేపు తిరిగింది. ఓర్ఫా గొంతు గదిలో స్పష్టంగా, కొంచెం బొంగురుగా వినిపించింది. ఒక్కో రైతుకు ఒక్కో టైమిద్దాం. ప్రొఫెసర్ టేపు ఆపాడు.

"అన్నదండీ, నిజమే" అన్నాడు ప్రెంటిస్. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నది" అన్నాడు ప్రొఫెసర్. "కానీ జట్టు అందుకోలేదు కదా. అందుకోని మాటను సూచన అనలేం, మిసెస్ స్టట్స్‌కీ. జట్టుకు అందేలా చేసినవాడు టోలివర్."

"మొదట్లో మీరిచ్చిన నియమాల పుస్తకంలో, అన్నదేమిటో రాయండి, తర్వాత ఏమైందో మీకనవసరం అనుందండీ. నాలుగో పేజీ."

"మీరు పుస్తకం బాగా చదివారు."

"చదవమనే కదా ఇచ్చారు."

ఆయన మెత్తగా నవ్వి, ఒక పేరుకు వచ్చామని సంతకాలు పెట్టే సర్దుబాటు కాగితం ఆమె ముందుకు జరిపాడు. అందులో పేరు అప్పటికే టైపు చేసి ఉంది. టోలివర్. మాట్లాడుకుని తేల్చుకుందాం రండి అని పిలవకముందే టైపు చేసి ఉంది.

ఇలాంటి కాగితాల మీద ఆమె ఇంతకుముందు ఆరుసార్లు సంతకం పెట్టింది. అవన్నీ ఇప్పుడు వరసగా గుర్తొచ్చాయి. గోదాము గుమాస్తా ఒకడు, ఒక ముసలి ఫోర్‌మన్, నట్లు తయారుచేసే కంపెనీలో కొత్తగా చేరిన ఇంజనీరు. ఆరుసార్లూ చెరిగిపోయింది తను రాసిన పేరే. ఆరుసార్లూ ఆ చోట మేనేజరే వచ్చి కూర్చున్నాడు. చదువుకున్నవాళ్లు, వాళ్లకు తెలియదా అనుకుంది అప్పుడు. ఇప్పుడు ఒళ్లంతా కారం రాసినట్టు మండింది. వాళ్ల మీద ఎంత మండిందో తన మీదా అంతే మండింది.

"నేను పెట్టను" అంది.

"మనం ముగ్గురం ఒక మాటకు రావాలి కదా?"

"ఇద్దరు వచ్చారు. నేను రాలేదు. అలాగే రాసుకోండి. వీలైతే ఆ ఆరూ కూడా తిరిగివ్వండి, నా సంతకాలు కొట్టేస్తాను."

ప్రొఫెసర్‌కు కోపం రాలేదు. వస్తే బాగుండేదని విల్మా తర్వాత చాలాసార్లు అనుకుంది. "పద్నాలుగును తీసేద్దాం" అన్నాడాయన, పంచదార వద్దన్నంత తేలిగ్గా. "ఇరవై రెండిట్లో ఒకటి. పోనీండి. మీటింగుల దినచర్య పుస్తకం మీ దగ్గరే ఉంది కదా, యంత్రం చెడిందని రాసేయండి."

అంటే ఆరుగురితోపాటు ఓర్ఫా కూడా పోతుంది. పైగా ఇది తన చేత్తోనే.

దినచర్య పుస్తకం తెచ్చి, ఆయన బల్ల మీదే తెరిచి, నిలబడే రాసింది. పెన్సిల్‌తో కాదు, ఆయన సిరాపెన్నుతో. 'పద్నాలుగో మీటింగు. టేపు యంత్రం బాగానే ఉంది. నిర్ణయం మిస్ లైనింగర్‌ది, పదకొండో నిమిషం. ముగ్గురమూ విన్నాం. ఒప్పుకోవడం ఇష్టంలేక తీసేస్తున్నారు. వి. స్టట్స్‌కీ.'

ప్రొఫెసర్ చదివాడు. "ఇది అవసరమా?"

"వద్దనుకుంటే మీరు కొట్టేసి యంత్రం చెడిందని రాయండి. మీ చేత్తో."

ఆయన పెన్ను తీసుకున్నాడు. కాసేపు పట్టుకున్నాడు. ఏమీ రాయకుండానే పుస్తకం మూసి సొరుగులో పెట్టాడు. ప్రెంటిస్ తన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

జూన్‌లో, వచ్చే ఏటికి వినేవాళ్లు అక్కర్లేదని ఉత్తరం వచ్చింది. విల్మా ఆ ఉత్తరం కాఫీ కెటిల్ కింద పెట్టింది. టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె భర్త వెర్ల్ తీసి చదివాడు. ఓర్ఫా సంగతి అతనికి అంతకుముందే చెప్పింది.

"ఎవరామె నీకు? చుట్టమా?"

"కాదు."

"స్నేహమా?"

"నేనున్నట్టే ఆమెకు తెలియదు. అద్దానికి ఇవతలున్నాను."

"మరి?"

"అందుకే."

వెర్ల్ ఉత్తరం మడిచి మళ్లీ కెటిల్ కింద పెట్టాడు. ఆ తర్వాత విల్మా కౌంటీ ఆసుపత్రి ఫోను దగ్గర పదమూడేళ్లు పనిచేసి రిటైరైంది. ప్రొఫెసర్ పుస్తకం అరవై ఆరులో అచ్చయింది. ఊరి లైబ్రరీకి రాగానే వెళ్లి, నిలబడే పేజీలు తిప్పింది. పద్నాలుగోది తప్ప మిగతా ఇరవై ఒక్క మీటింగులూ ఉన్నాయి. వినేవాళ్లిద్దరి అభిప్రాయం ప్రతి మీటింగులోనూ మొదటి నుంచే ఒక్కటని రాసి ఉంది. కింద కృతజ్ఞతల్లో ఆమె పేరు కూడా ఉంది, తప్పు లేకుండా.

పుస్తకం లైబ్రేరియన్ బల్ల మీద పెట్టి, "ఇందులో అబద్ధముంది. నూట నాలుగో పేజీ" అంది.

"మీరు రచయితా అండీ?"

"కాదు. విన్నదాన్ని."

లైబ్రేరియన్ తేదీ ముద్ర చేతిలో పట్టుకుని ఆమె వైపు చూస్తూ ఉండిపోయింది. విల్మా కుర్చీ లాక్కుని కూర్చుంది. అడిగితే మొదటి నిమిషం నుంచీ చెప్పడానికి సిద్ధంగా ఉంది.