గణతంత్రానికి సైగ

మా అక్కకు పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు, మాట రాదు. నాకంటే ఆరేండ్లు పెద్దది. ధర్మవరంలో మా ఇంటి ముందరి గదిలో గుంట మగ్గం మీద పట్టు చీరలు నేసేది. బళ్లో ఐదో తరగతి దాకా కూర్చున్నందుకు చదవడం, రాయడం కొంచెం వచ్చు. ఆమెతో సైగల్లో నిజంగా మాట్లాడేది నేనూ అమ్మే. నాయనకు నాలుగే తెలుసు: తిన్నావా, రా, నీళ్లు, చాలు.

నేను డిగ్రీలో ఉండగా ఒకరోజు అక్క నా హాల్ టికెట్టు చూసింది. దాని మీద నా ఫోటో ఉంది. తనకూ అట్లాంటిది కావాలంది. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పేరు రాయించినాను.

లెక్కలు ఆమెకు నాకంటే బాగా వచ్చు, అంచులో పోగులు లెక్కపెట్టే మనిషి. చిక్కంతా సాంఘికశాస్త్రంతోనే. నది, కొండ, కరువు అంటే చేత్తో చూపించొచ్చు. 'గణతంత్రం' అనే మాట వచ్చేసరికి ఆగిపోయినాము. మా ఇంటి సైగల్లో అది లేదు. నాకే సరిగ్గా తెలీదని అప్పుడు తెలిసొచ్చింది. జనవరిలో జెండా ఎగరేస్తారు, మిఠాయి పంచుతారు, అంతవరకే నాకు తెలుసు.

పుట్టుకతో రాజయ్యేవాళ్లు లేని పాలన అని పుస్తకంలో ఉంది. నేను మీసం తిప్పి, తల మీద కిరీటం పెట్టుకొని, తీసేసినట్టు చూపించినాను. ఉడకేసిన చెనిక్కాయలు ఒలుచుకుంటా చూసిన అక్క, మరి దాన్ని ఎవరు పెట్టుకుంటారని అడిగింది. ఎవరూ పెట్టుకోరని చెప్పినాను. ఆమె నమ్మలేదు. బయట కండెలకు దారం చుడతాండే నాయనను చూపించి మీసం తిప్పింది. ఇద్దరమూ నవ్వుకున్నాము. తర్వాత చానాసేపు ఆలోచించి, తల మీది కిరీటాన్ని రెండు చేతులతో తీసి నేల మీద పెట్టింది. దాని చుట్టూ వేలితో గుండ్రంగా గీసి, ఆ గీత మీద అమ్మను, నాయనను, నన్ను, చివరికి తనను సైగతోనే కూర్చోబెట్టింది.

ఇప్పుడు నేను ఉరవకొండలో పిల్లోళ్లకు అదే పాఠం చెప్తాను. అంతకంటే మంచి అర్థం నాకు దొరకలేదు.

పరీక్షలకు నెల ఉందనగా నాయన చేతిమగ్గం తీసేసి మరమగ్గం పెట్టాలనుకున్నాడు. చుట్టుపక్కల ఇండ్లలో అప్పటికే వచ్చేసినాయి. ఒక సాయంత్రం చిన్నాయనను పిలిపించినాడు. అమ్మా నేనూ కూడా కూర్చున్నాము. అక్క అదే గదిలో నేస్తా ఉంది. ఇంట్లో మరమగ్గం సద్దుకు తట్టుకోలేమేమో అన్నాడు చిన్నాయన.

"నడిపేది ఆ బిడ్డే కదప్పా. దానికి సద్దుతో ఏం పని?" అన్నాడు నాయన.

ఆ మాట నాకు తప్పుగా తోచలేదు. నేనూ తలూపినాను. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అదే.

మా చూపులు మగ్గం మీదికి పోతాండేది అక్క కనిపెట్టింది. ఏమని అడిగింది. తర్వాత చెప్తానని చెయ్యి ఊపినాను. చిన్నప్పటి నుంచీ మేమంతా ఆమెకు చెప్పే జవాబు అదే. ఈసారి అక్క నేత ఆపి, గుంటలో నుంచి లేచి వచ్చి మా మధ్యలో నిలబడింది. మీసం తిప్పింది. కిరీటం తీసి నేల మీద పెట్టింది. చుట్టూ గీసి, ఆ గీత మీద తనూ కూర్చుంది.

"ఏమంటాండాదమ్మా?" అని నాయన నన్ను అడిగినాడు.

"తనను ఎవురూ అడగలేదంటాండాది, నాయనా."

అప్పుడు సంగతంతా ఆమెకు చెప్పినాను. ఆమె చెప్పింది నాయనకు చెప్పినాను. పక్కింట్లో మరమగ్గం తిరిగినప్పుడల్లా ఆ అదురు గోడలో నుంచి తన వీపులోకి, పండ్లలోకి వస్తాదంట. మనమైతే చెవులు మూసుకుంటాము, తను ఒళ్లంతా ఎట్ల మూసుకునేదంట. చేతిమగ్గం మీదైతే పోగు తెగినా కాళ్లకే తెలిసిపోతాదంట.

చిన్నాయన తల దించుకున్నాడు. నాయన నేల చూస్తా, "ఇన్నేండ్లూ నాకు తెల్లేదే ఇది," అన్నాడు.

మరమగ్గం రాకుండా పోలేదు. పెరట్లో రేకుల షెడ్డు వేసి పెట్టినారు. మొదట ఇంటి గోడకు దగ్గరగా పెడితే, అక్క గోడకు వీపు ఆనించి చూసి తల అడ్డంగా ఊపింది. ఊడదీసి పెరడు చివరికి జరిపినారు. దాన్ని నాయనే నడిపినాడు. అక్క తన మగ్గం మీదే ఉంది. పదో తరగతి రెండోసారికి పాసయింది.

ఇదంతా కాకముందు, ఆ మాటలైన మరుసటి పొద్దున, నేను పండ్లు తోముకుంటాంటే నాయన వచ్చి పక్కన నిలబడినాడు. 'నువ్వేమంటావు' అని అడగాలంటే చేతులు ఎట్ల పెట్టాలని మెల్లగా అడిగినాడు. చూపించినాను. మొద్దుబారిన వేళ్లు, సరిగ్గా వంగవు. నాలుగైదుసార్లు చేయించినాను.

లోపలికి పోయి, జడ వేసుకుంటాండే అక్క భుజం తట్టినాడు. హోటలు నుంచి ఉగ్గాణి తెచ్చేదా, ఇడ్లీ తెచ్చేదా అని చేతికొచ్చినట్టు చూపించి, నువ్వేమంటావని అడిగినాడు. అక్క ఆయన చేతులనే చూస్తా ఉండిపోయింది. ఎక్కడో తప్పు చేసినాననుకొని, నాయన మళ్లా మొదటి నుంచి చేసినాడు.