నేను పైన రాసిన పేరు

రెండు వేల ఇరవై నాలుగు. లిమరిక్ ఊరి చివర, టైర్లు మార్చే షాపు పైన రెండు గదుల్లో మా ఆఫీసు. మొత్తం ఆరుగురం. ఏం ఉద్యోగమని మనవాళ్ళెవరైనా అడిగితే "ఐటీలోనే" అని తప్పించుకునేదాన్ని. నిజం చెబితే కథ చాలా దూరం వెళుతుంది. ఒంగోలులో సీఏ చదివి, పెళ్ళయి ఐర్లండ్ వచ్చి, అమెరికా ఫుట్‌బాల్ జట్టు ఒకదానికి శాలరీ క్యాప్ లెక్కలు చూసే తెలుగావిడని నేను. ఇప్పటికీ ఒక్క మ్యాచ్ చివరిదాకా చూసిన పాపాన పోలేదు. ఆటగాళ్ళు నాకు షీటులో వరుసలు. అలా ఉన్నంతకాలం హాయిగానే ఉండేది.

శాలరీ క్యాప్ అంటే, ఒక జట్టు ఏడాదికి ఆటగాళ్ళందరి మీదా కలిపి పెట్టగల ఖర్చుకి లీగ్ గీసిన గీత. ఎంత డబ్బున్న ఓనరైనా ఆ గీత దాటడానికి లేదు. జట్టులో అందరికంటే ఖరీదైనవాడు సాధారణంగా క్వార్టర్‌బ్యాక్. ఆటంతా అతని చేతి మీదుగానే నడుస్తుంది. అలాంటివాడితో ఒప్పందం కుదిరినప్పుడు సైనింగ్ బోనస్ అని పెద్ద మొత్తం ముందే చేతిలో పెడతారు. క్యాప్ లెక్కలో మాత్రం దాన్ని అయిదేళ్ళకి సమానంగా పంచి రాస్తారు. మధ్యలో అతన్ని వేరే జట్టుకి ఇచ్చేస్తే, ఇంకా రాయకుండా మిగిలినదంతా ఒక్కసారిగా ఆ ఏడాది నెత్తిన పడుతుంది. దాన్నే డెడ్ మనీ అంటారు. కొత్త ఫ్రిజ్ ఆడపడుచుకి ఇచ్చేసి, మిగిలిన ఈఎంఐలన్నీ ఒకే నెలలో మనం కట్టడం లాంటిది. పైగా ఇంట్లోకి ఇంకో ఫ్రిజ్ కొనుక్కోవాలి.

ఆ ఫిబ్రవరిలో జట్టువాళ్ళు ఇక్కడి బడిపిల్లలకి ఆట నేర్పడానికి ఇద్దరు ఆటగాళ్ళని పంపారు. వాళ్ళలో ఒకడు బ్రెండన్. పేర్లూ అంకెలూ మార్చి రాస్తున్నాను. క్వార్టర్‌బ్యాక్ ముందు అడ్డంగా నిలబడి, అతని మీదికి వచ్చే దెబ్బలన్నీ తాను కాచుకునే లైన్‌మన్ బ్రెండన్. ముప్పై రెండేళ్ళుంటాయి. మా ఆఫీసు తలుపులో పక్కకి తిరిగితే గానీ పట్టలేదు. వాళ్ళ నానమ్మ పుట్టిల్లు ములింగార్ దగ్గరట, చూడాలన్నాడు. మా మేనేజర్ కీరన్ నావైపు చూశాడు. ఆ రోజు ఆఫీసులో ఖాళీగా కారున్నది నాకొక్కదానికే.

రెండు గంటల దారి. బడికి సెలవులు కాబట్టి మా తొమ్మిదేళ్ళ పిల్ల అన్విత కూడా వెనక సీట్లో ఎక్కింది. ఎక్కగానే నా చెవి దగ్గరికి వచ్చి "మామ్, హీ ఈజ్ మాసివ్!" అంది, అతనికి స్పష్టంగా వినబడేలా. అక్కణ్ణించి నోరు మూయలేదు. నేను తెలుగులో కసురుతుంటే అది ఐరిష్ యాసలో సమాధానం చెబుతుంటే, బ్రెండన్ ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని అంతా వింటూ కూర్చున్నాడు.

"ఈ పిల్ల ఎవరితోనైనా ఇలాగే మాట్లాడుతుందా?" అన్నాడు.

"ఆపడమే కష్టం."

"మా పాప మేవ్‌కి ఆరేళ్ళు. ఇంట్లో ఇలాగే వాగుతుంది. గుమ్మం దాటితే ఒక్క మాట రాదు. నా ఆట వల్ల ఇప్పటికే మూడు ఊళ్ళు మారాం. డాక్టర్లు ఏమంటారంటే, భయం, ఒకచోట కుదురుగా ఉండనివ్వండి అంటారు. ఇప్పుడున్న బడిలో ఒక టీచరు ఉంది. క్రిస్మస్ ముందు మేవ్ ఆమె చెవిలో ఒక మాట చెప్పింది."

"ఏమని?"

"బాత్రూమ్ అని." నవ్వాడు. నవ్వుతూనే అంత పెద్ద చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ రోజు ఇంట్లో కేకు కోశాం."

ములింగార్ దాటాక దొరికింది ఆ ఇల్లు. పైకప్పు లేదు, లోపల ముళ్ళపొదలు. అతను కాసేపు గోడ మీద చెయ్యి వేసి నిలబడి, ఫోటో తీసుకుని వచ్చేశాడు. తిరుగుదారిలో అన్విత నిద్రపోయింది. అప్పుడడిగాడు.

"మీరు క్యాప్ లెక్కలు చూస్తారని కీరన్ చెప్పాడు. నాకు చెప్పకూడదని తెలుసు. నాకు ఒక్క ఏడాది చాలు. ఇంకో ఏడాది అదే బడి, అదే టీచరు. వచ్చేవారం ఇంటి లీజు మళ్ళీ రాసుకోవాలి. రాసుకోమంటారా?"

చెప్పకూడదు. నా ఉద్యోగ ఒప్పందంలో మొదటి పేజీలోనే ఉంది ఆ సంగతి. కానీ ఆ రోజు షీటు ప్రకారం అతన్ని కదపాల్సిన అవసరం ఎవరికీ లేదు. జట్టు గీతకి కిందే ఉంది.

"యూ ఆర్ గ్రాండ్," అన్నాను, మీకేం ఫరవాలేదని. ఈ దేశంలో వాన కురిసినా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే. నేను మాత్రం నిజంగానే అన్నాను. అతను సీటు వెనక్కి వాల్చుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

నెల తిరక్కముందే క్వార్టర్‌బ్యాక్ కోచ్‌తో గొడవపడి, నన్ను వేరే జట్టుకి ఇచ్చేయండి అని కూర్చున్నాడు. ఇంకో జట్టు ముందుకొచ్చింది. జట్టు తరఫున క్యాప్ వ్యవహారాలు చూసే డగ్ వీడియోలోకి వచ్చేసరికి గడ్డం కూడా గీసుకోలేదు.

"స్వాతీ, ఇప్పుడే ఇచ్చేస్తే ఎంత పడుతుంది?"

"ముప్పై మిలియన్ల డాలర్లు. మొత్తం ఈ ఏడాదే."

"ఉంచుకుంటే?"

"దాదాపు అంతే. ఇచ్చేస్తే రెండు మిలియన్లు మిగులుతాయి, కానీ ఆడటానికి క్వార్టర్‌బ్యాక్ ఉండడు. జూన్ ఒకటి దాటేదాకా ఆగండి. అప్పుడైతే లీగ్ నియమం ప్రకారం ఆ భారంలో ఎక్కువ భాగం వచ్చే ఏడాదికి వెళుతుంది."

"ఆగలేం. అతనికి బదులు వాళ్ళిచ్చేది ఏప్రిల్ డ్రాఫ్టులో కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే అవకాశం. జూన్‌లో దాన్ని నేనేం చేసుకోను? ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని కూడా మాట్లాడేశాం. అతనికి ఇవ్వడానికి ఎంత తక్కువ పడింది?"

"నాలుగు మిలియన్లు."

"రేపు పొద్దున నేను లేచేసరికి మూడు ఆప్షన్లు పంపు."

మా కంపెనీ బతికేదే ఆ గంటల తేడా మీద. వాళ్ళు నిద్రపోతుండగా మేం లెక్కకట్టి పెడతాం. ఆప్షన్ ఏ, బీ, సీ అని రాస్తాం. మేం సిఫారసు చేసేది ఏ. సీ అన్నది మిగతా రెండూ అందంగా కనబడటానికి. ఎవరూ పైకి చెప్పరు గానీ, నేను పనిచేసిన ఏళ్ళలో ఏ కాకుండా ఇంకొకటి తీసుకున్న క్లయింటుని నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే కూర్చున్నాను. నాలుగు మిలియన్లకి సరైన దారులు రెండే ఉన్నాయి. ఒకటి, ఇద్దరు సీనియర్ల ఒప్పందాలు రీస్ట్రక్చర్ చేయడం, అంటే ఈ ఏటి జీతంలో కొంత బోనస్‌గా మార్చి రాబోయే ఏళ్ళకి పంచడం. ఎవరూ ఊరు మారక్కర్లేదు. కాకపోతే ఓనరు ఆ డబ్బు ముందే చెల్లించాలి, రేపటి షీటు కాస్త బరువెక్కుతుంది. రెండోది, బ్రెండన్‌ని తీసేయడం. అతని జీతానికి గ్యారంటీ లేదు. వదిలేస్తే కావలసింది వచ్చేస్తుంది, డెడ్ మనీ దాదాపు సున్నా. ఈ రెంటిలో ఏది మంచిదంటే, నిజాయితీ గల అకౌంటెంటు ఏదైనా చెప్పవచ్చు. అంతకు ముందు ఏడాది ఇలాంటి సందర్భంలోనే నేను రీస్ట్రక్చర్‌ని పైన పెట్టాను. ఇప్పుడూ అదే ఏలో రాశాను. బీలో బ్రెండన్.

కీరన్ టీ కప్పుతో వచ్చి నా వెనక నిలబడ్డాడు. స్క్రీన్ చూసి, "ఇతనేగా నువ్వు ములింగార్ తీసుకెళ్ళినవాడు? పాపం," అని తన సీటుకి వెళ్ళిపోయాడు.

అంతే అన్నాడు. అందులో వేరే అర్థమేమీ లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నాకు. రేపు ఎవరైనా అడిగితే? కారులో తిప్పింది, తిండి పెట్టింది, జట్టు రహస్యం చెప్పింది, ఇప్పుడు అతన్ని కాపాడింది అంటే? పైగా పరాయి దేశంలో, ఆరుగురిలో ఒక్కదాన్ని నేను. నా పేరు మీద మచ్చ పడితే కడుక్కోవడానికి నాకెవరున్నారు? ఏలో ఉన్నది కత్తిరించి బీలో పెట్టాను. బీలో ఉన్నది తెచ్చి ఏలో అతికించాను. అర నిమిషం కూడా పట్టలేదు. నేను పక్షపాతం చూపలేదని నాకు నేనే చెప్పుకుని, పంపేశాను.

మధ్యాహ్నం డగ్ జవాబిచ్చాడు. "ఏ. థాంక్స్." ఆ సాయంత్రానికే బ్రెండన్‌ని తీసేశారని వార్త వచ్చేసింది.

వారం తర్వాత బ్రెండన్ మెసేజ్ పెట్టాడు. "బాధపడకండి. ఆ రోజు మీరు నమ్మే చెప్పారని నాకు తెలుసు. క్వార్టర్‌బ్యాక్ వెళతాడని ఎవరనుకున్నారు? పులిహోరకి మళ్ళీ థాంక్స్." ఆ నాలుగు వాక్యాలకంటే అతను తిట్టినా బాగుండేది.

ఇంటికి వెళ్ళి ఏడ్చాను. మా ఆయనది కరీంనగర్. స్టవ్ కట్టేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"నీ లెక్కల తప్పుందా? లేదు గదా. మరి గిట్లెందుకు అయితున్నవ్? నువ్వు రాయకుంటే ఇంకోడు రాస్తుండె."

"లెక్కలో తప్పు లేదు. వరుసలో ఉంది."

"పెద్దోళ్ళు చదువుకొనే తీసుకుంటరు. అంతా నీ మీదేసుకోకు."

ఆ మాట పట్టుకుని రెండు నెలలు నిద్రపోయాను. మే నెలలో డగ్‌తో రివ్యూ మీటింగ్ జరిగింది. ఏడాది పని గురించి మంచీ చెడ్డా మాట్లాడుకునే మీటింగు. అతను మంచి మనసుతోనే, నన్ను మెచ్చుకుంటూనే మొదలుపెట్టాడు.

"మార్చిలో నువ్వు భలే ధైర్యం చేశావు. నిజం చెప్పాలంటే నేను రీస్ట్రక్చర్ పైన ఉంటుందనుకున్నాను. పోయినేడు అలాగే ఇచ్చావుగా. ఓనరుతో మాట్లాడి డబ్బు కూడా సిద్ధం చేసి పెట్టాను."

"మరి నన్ను అడగలేదేం?"

"ఎందుకడుగుతాను? నువ్వు అతన్ని వాళ్ళ నానమ్మ ఊరు తీసుకెళ్ళావని, వాళ్ళ పాప సంగతి నీకు తెలుసని ఐర్లండ్ నుంచి రాగానే బ్రెండనే చెప్పాడు. అంత తెలిసి కూడా నువ్వు అతన్నే పైన పెట్టావంటే, లెక్క అంత స్పష్టంగా ఉందని అర్థం చేసుకున్నాను. బీ తెరిచి చూడలేదు కూడా."

ఏ పరిచయం బయటపడుతుందని భయపడి ఆ పని చేశానో, అది వాళ్ళకి ముందే తెలుసు. దాన్ని ఎవరూ తప్పుగా అనుకోలేదు. పైగా నాకు అతను తెలిసి ఉండటమే అతని మీద సాక్ష్యమయింది. ముక్కూమొహం తెలియని ఆటగాడైతే నేను కాపాడేదాన్ని. నా పులిహోర తిన్నందుకు పోయాడు బ్రెండన్.

ఆగస్టులో దేశానికి ఆ చివర ఉన్న ఒక జట్టు అతన్ని తీసుకుంది, అయిదు వారాలకి వదిలేసింది. పాత ఇల్లు వదులుకుని వెళ్ళారు కాబట్టి ఆ ఊళ్ళోనే ఉండిపోయారు. మేవ్ ఎలా ఉందని అడిగాను. కొత్త బడిలో ఎవరితోనూ మాట్లాడటం లేదని, ఇంట్లో కూడా తగ్గించేసిందని రాశాడు. కింద ఎప్పటిలాగే, అన్వితని అడిగానని చెప్పండి అని ఉంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఇప్పుడు ఒక్కటే చెబుతాను. తెలిసిన మనిషి ఫైలు చేతికొస్తే, తెలుసు అని మొదటి లైనులోనే రాసి ఇంకొకరికి ఇచ్చేయండి. ఇవ్వలేకపోతే, తెలియనివాళ్ళకి ఏం రాస్తారో అదే రాయండి. నేను మంచిదాన్ననిపించుకోవడానికి చేసిన లెక్క అది. ఆ ఖర్చు ఏ షీటులోనూ పడలేదు, ఒక ఆరేళ్ళ పిల్ల మీద పడింది. అయినవాళ్ళకి మేలు చేస్తే పక్షపాతమంటారు. అయినవాళ్ళని ముంచి నిజాయితీ అనిపించుకోవడానికి ఏం పేరు పెట్టాలో నాకింకా తెలియదు.

పోయిన నెల బ్రెండన్‌కి అంతా రాశాను. షీటు నాదేనని, ముందు అతను బీలో ఉన్నాడని, నేనే పైకి తెచ్చానని, ఎందుకు తెచ్చానో కూడా. క్షమించమని అడగలేదు. చదివినట్టు చూపిస్తోంది. జవాబు రాలేదు. ఏమని ఇస్తాడు?