దేవుడి బియ్యంలో పాత డిస్కు

పాత సామానంటే నా భార్యకు కంటగింపు. మూలపడ్డ కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేయమని ఎన్నాళ్ళుగానో పోరుపెట్టేది. ఆమె తప్పేం లేదు. మాది మైపాడు దగ్గర. ఉప్పుగాలికి గేటు గొళ్ళేలే నిలవవు, ఇక కంప్యూటర్ పెట్టె ఏం నిలుస్తుంది? చివరికి సరేనన్నాను. లోపలి హార్డ్ డిస్కు మాత్రం ఊడదీసి దాచుకున్నాను. అందులో మా అక్క పాట ఉంది.

అక్క మా చర్చి సంఘంలో పాడేది. ఒక పాట మాత్రం పూర్తిగా ఆమెదే, మాటలూ బాణీ తానే కట్టింది. ఒకరోజు మా ఇంట్లో మైకు ముందు కూర్చోబెట్టి రికార్డు చేశాను. ఆ తర్వాత ఆమెకు గొంతు ఆపరేషనైంది. ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది. ఇప్పుడు గుసగుసగా నాలుగు మాటలు అనగలదు, అంతే. ఆ పాట ఎప్పుడూ ఆమె ఒక్కతే పాడేది కాబట్టి బాణీ ఇంకెవరికీ పట్టుబడలేదు. ఆమెకు హార్మోనియం రాదు, స్వరాలు రాయడం రాదు. సంఘంలో పిల్లలకు ఆ పాట నేర్పాలని ఆశ. కనబడినప్పుడల్లా, "పాట తీసినావా అబ్బయా?" అని అడిగేది.

డిస్కు పట్టుకుని నెల్లూరు పోయాను. రిపేరు షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇప్పటి కంప్యూటర్లలో దీన్ని తగిలించే చోటే లేదన్నా. వేరే కేబుల్ తెప్పిస్తా. అందాకా దీనికి చెమ్మ తగలనీబాకండి."

చెమ్మ అనగానే నా తెలివి నిద్రలేచింది. తడిసిన ఫోన్లను బియ్యంలో పెట్టడం మా ఊరంతా చేసేదే. కానీ వంట బియ్యంలో ఇనుము పెడితే నా భార్య ఊరుకోదు. పక్కనే దేవుడి బియ్యం డబ్బా కనిపించింది. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి అందులో వేస్తుంది. ఆదివారం దాన్ని గుడికి, అంటే మా చర్చికి, తీసుకుపోయి ఇచ్చేస్తుంది. డిస్కును గుడ్డలో చుట్టి ఆ డబ్బా అడుగున పూడ్చాను. చెప్తే తీసేయమంటుందని చెప్పలేదు.

కేబుల్ వచ్చిందని ఫోన్ వస్తే ఆదివారం పొద్దున్నే నెల్లూరు పోయాను. డిస్కు తర్వాత తీసుకురావచ్చు, ముందు కేబుల్ చేతికి వస్తే చాలనుకున్నాను. ఆ రోజు డబ్బా గుడికి పోతుందని, అక్కడ అందరికీ భోజనాలని నాకు గుర్తే లేదు. ఇళ్ళ నుంచి వచ్చిన డబ్బాలన్నీ గంగాళంలో బోర్లించి, నీళ్ళు పోసి నానబెట్టారట.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నా భార్య డిస్కు చేతికిచ్చింది.

"ఏమయ్యా, ఇది మనదేనా? బియ్యం కడగబోతే అడుగున దొరికింది. మురికిగా ఉండాదని గుడిలో వంటచేసే పెద్దమ్మ సబ్బు పెట్టి రుద్ది ఇచ్చింది."

డిస్కు తళతళా మెరిసిపోతోంది. ఎవరిని తిట్టను? పెద్దమ్మ పాపం పీచుతో కూడా తోమిందట. కోపమొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. ఎవరి మీద కోపమంటే చెప్పలేను.

షాపతను కేబుల్ తగిలించి చూశాడు. లోపల టిక్కుటిక్కుమని ఆగిపోయింది. చెన్నైకి కూడా పంపాను. ఏమీ మిగల్లేదని తిప్పి పంపారు. పారేయడానికి చేతులు రాక, దాచడానికి అర్థం లేక, అక్క దగ్గరికే తీసుకుపోయాను.

జరిగిందంతా చెప్పాను. ఆమె డిస్కును ఒళ్ళో పెట్టుకుంది. నాలుగు తిట్టినా నాకు బాగుండేది. గుసగుసగా, "నువ్వు విన్నావు గదా. పాడు" అంది.

నా పాట సంగతి ఊరందరికీ తెలుసు. అయినా పాడాను. పల్లవి ఎత్తుకోగానే చేయి ఎత్తి ఆపింది. మళ్ళీ పాడాను. మళ్ళీ ఆపింది.

"ఎక్కడ తప్పో చెప్పక్కా!" అని విసుక్కున్నాను.

"ఇట్టా" అంది. నడుం నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా ఊపిరి తీసుకుని నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది. ఆ గాలితోనే పల్లవి చివరిదాకా పాడి, కళ్ళు తెరిచి, ఇప్పుడు వచ్చిందా అన్నట్టు నా వైపు చూసింది.