రిజర్వులో ఉంచిన ఐదు సూదులు

రెండు వేల దశకం చివర్లో ఓ ఆగస్టు. ఉదయం ఆరుంబావుకి పట్టిసీమ దగ్గర గట్టు మీద దిగాం. ఆర్మీ వరద సహాయ దళంగా పద్దెనిమిది మందిమి, రెండు మోటారు పడవలు, ఓ డాక్టరు కెప్టెన్. నేను నర్సింగ్ అసిస్టెంటుని. మాది తణుకు కాబట్టి, తెలుగు రాని కెప్టెన్‌కి మాట అందించే పనీ నాదే. వాన ఆగలేదు. బూట్లు నాలుగు రోజులు ఆరలేదు.

ఆర్డరు ఒకటే: స్కూల్లో తలదాచుకున్న వరద బాధితులకి మందులు, మంచినీళ్లు.

వాళ్లలో ఒకరు రిటైర్డ్ సుబేదారుగారు. ఎడమకన్ను ఎప్పుడో పోయింది. కుడికన్ను ఎర్రగా, మసకగా ఉంది. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే కంటి మీద తిరగబడే జబ్బు. దాన్ని అణచడానికి కాకినాడ డాక్టరు పదిహేను రోజులకోటి చొప్పున బయోలాజిక్ ఇంజెక్షన్ రాశారట. మొదట్లో చూపు తేటపడింది. తర్వాత మందు పనిచేయడం మానేసింది.

ఆయన ఐస్ ఫ్లాస్కు తెరిచారు. లోపల ఐదు సూదులు.

"రిజర్వ్ లేకుండా ఉంటామేంటయ్యా? ఏటా వరదొస్తే రోడ్డు తెగిపోద్ది. అందుకే నెలకోటి, ఒక్కోసారి రెండు నెలలకోటి వేసుకుంటున్నా."

"శభాష్ సార్!" అన్నాను. బుద్ధి లేకుండా అన్నాను. రెండు రోజులు ఆ ఫ్లాస్కుకి ఐసు మోశాను కూడా.

మూడో రోజు కెప్టెన్ ఆ కన్ను చూశాడు.

"ఐసులో మందు గడ్డకట్టి పాడైందా?"

"లేదు సార్."

"క్షయ వల్ల కూడా కన్ను ఇలా అవుతుంది. ఆ పరీక్ష?"

"చేశారట. ఏమీ లేదన్నారట."

"తేదీ ప్రకారం వేసుకున్నాడా?"

ఫ్లాస్కు చూపించాను.

కెప్టెన్ చెప్పింది ఇది. కొందరిలో వాపు వేరే దారిన వస్తుంది, వాళ్లకి ఈ మందు ఎంతిచ్చినా దండగ. కొందరిలో ఒళ్లు మందునే పరాయిదనుకుని చంపేస్తుంది. క్రమం తప్పితే ఆ ప్రమాదం ఎక్కువ. ఏదైందీ రక్తపరీక్షలో తేలాలి. మందు మారిస్తే కన్ను దక్కొచ్చు. ఆలస్యమైతే దక్కదు.

అదంతా సుబేదారుగారికి తెలుగులో చెప్పాను.

"అయితే కాపలా పెట్టిన నా సెంట్రీయే నా మనిషిని కాల్చేశాడన్నమాట. ఆఖరి తూటా దాచుకోండ్రా అని ఇరవై ఎనిమిదేళ్లు కుర్రాళ్లకి చెప్పానయ్యా."

నాకు ఏడుపొచ్చింది. మొహం తిప్పుకున్నాను.

వైర్‌లెస్ ఆపరేటర్ సెట్ అందుకున్నాడు. "కంటి కేసు ఒకటి. పడవ పంపడానికి పర్మిషన్ కావాలి. ఓవర్."

అవతల కంట్రోల్ రూం నుంచి జవాబు: "ప్రవాహం ఎక్కువగా ఉంది. ఆగండి. ఓవర్."

ఐదో రోజు పడవ కదిలింది. కాకినాడలో మందు మార్చారు. అప్పటికే ఆలస్యమైపోయింది. అది నెలల ఆలస్యం. అందులో రెండు రోజులు నావి.

ఆరు వారాలకి క్యాంపు ఎత్తేశాం. అప్పటికి ఊరికి తిరిగొచ్చిన సుబేదారుగారు మనవరాలి భుజం పట్టుకుని గట్టు మీదికొచ్చారు. నీళ్లు తగ్గాయి, మా పడవ ఇంజను ఆపి గెడతో నెడుతున్నాం. పక్కన సామాన్ల పడవ ఇంజను మోగుతోంది. ఆయన నిటారుగా నిలబడి దానికి సెల్యూట్ చేశారు.

"సార్, ఇటు" అనబోయి ఆగిపోయాను. లేచి నిలబడి జవాబు సెల్యూట్ చేశాను. ఆ ఇంజను చప్పుడు వినబడినంతసేపూ ఆయన చెయ్యి దించలేదు.