పందెం మధ్యలో అత్తారిల్లు

నందిగామ సెంటర్లో పగవాడి సైకిలు భుజాన వేసుకొని నేను నడిచిన రోజున ఆ ఊరి జనాభా మూడింతలైంది. కంచికచర్ల వాళ్ళు వచ్చారు, కీసర వాళ్ళు వచ్చారు, పరిటాల వాళ్ళు బండ్లు కట్టుకొని సకుటుంబంగా వచ్చారు. పత్తి బస్తాలు మోస్తున్న హమాలీలు వాటిని దించడం కూడా మరిచి చూస్తూ నిలబడ్డారు. టీ కొట్టాయన నా వంక చూస్తూ పాలన్నీ పొయ్యిలోకి పొంగించేశాడు. మేడల మీది తల్లులు మారాం చేసే పిల్లలకు నన్ను చూపించి అన్నం ముద్దలు పెట్టారు.

ఆ సైకిలు బరువు రెండు దుక్కిటెద్దులంత. దాని యజమాని, అంటే నందిగామ జట్టు నాయకుడు, పక్కనే చేతులూపుకుంటూ నడుస్తూ, "నెమ్మది తమ్ముడూ, కొత్త బెల్లు. గీతలు పడతాయ్" అన్నాడు.

వచ్చే ఏడు వీడి భుజం మీద నా సైకిలు ఎక్కాలి, మా పేట బజారంతా చూడాలి. ఆ క్షణం నుంచి నాకు ఇంకో కోరిక లేదు. ఉద్యోగం అక్కర్లేదు, పెళ్ళి అక్కర్లేదు, మోక్షం ఇస్తామన్నా వద్దు.

మా జగ్గయ్యపేట కుర్రాళ్ళకూ నందిగామ కుర్రాళ్ళకూ డెబ్బైల చివర్లో మొదలైన పందెం అది. వానలు వెనకబట్టాక ఒక ఆదివారం జరిగేది. జట్టుకు నలుగురు. సైకిళ్ళ మీద డొంకల్లో పడి గుట్టదాకా పోవాలి. గుట్టెక్కి పైనున్న జెండా ముట్టుకొని దిగాలి. మళ్ళీ సైకిళ్ళ మీద మునేటి ఒడ్డుకు రావాలి. ఏరు ఈది, అవతలి ఇసుకలో పాతిన జెండా ముట్టుకొని, ఈదుకుంటూ తిరిగి రావాలి. అక్కణ్ణుంచి సైకిళ్ళ మీద ఊరు చేరాలి. నలుగురూ చేరితేనే జట్టు చేరినట్టు. ఒక ఏడు నందిగామలో ముగిస్తే మరుసటి ఏడు పేటలో. కప్పులూ పతకాలూ లేవు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ సైకిళ్ళను ఆ ఊరి బజారు పొడుగునా భుజాన మోయాలి. అంతే.

న్యాయంగా ఓడితే మోసేవాణ్ణే. కానీ గుట్ట దగ్గర దారి చూపిస్తూ సున్నంతో గీసిన బాణాన్ని చెరిపి, ఇంకో వైపుకు గీశాడు ఆ మహానుభావుడు. మేము వేరే గుట్ట ఎక్కాం. హిమాలయాలకు మేనమామ వరసైన గుట్ట అది. దాని మీద జెండా లేదుగానీ మేకలున్నాయి. మమ్మల్ని చూసి అవి కూడా నవ్వాయి.

ఏడాదంతా పగతోనే పళ్ళు తోముకున్నాను. వాడు మోయబోయే సైకిలు కదా అని నా సైకిలుకు పాలవాళ్ళ కారియరు బిగించాను, లారీకి సరిపోయే స్టాండు వేయించాను, సీటు కింది గొట్టంలో ఇసుక కూరాను. దాన్ని ముందు నేనే తొక్కాలన్న సంగతి పగలో ఉన్నవాడికి తట్టదు.

ఆ వేసవిలో దేవుడు మా వైపు చూశాడు. ఆ నందిగామ నాయకుడికి పెళ్ళయింది. పిల్లది మునేటి ఒడ్డున ఊరు. మా పందెం దారి సరిగ్గా ఆ ఊరి నడివీధిలోంచే పోతుంది.

మా జట్టులో ఒకడికి పేటలో ఎరువుల కొట్టుంది. ఆ కొత్త పెళ్ళికొడుకు మామగారు యూరియా కోసం ఆ కొట్టుకే వస్తాడు. పందేనికి రెండు రోజుల ముందు మావాడు బస్తా తూస్తూ, గాలివాటుగా అన్నాడు:

"ఆదివారం మీ అల్లుడుగారు మీ ఊరి మీదుగానే వెళ్తున్నారండీ. చెప్పలేదా?"

"మా ఊరి మీదుగానా? చెప్పలేదే!"

"మొహమాటమేమోనండీ. గుమ్మం ముందు నుంచే సైకిలు మీద వెళ్ళిపోతారంట."

పెద్దాయన మొహం ఎండుమిరపకాయైంది. "ఏడాది తిరగని అల్లుడు గుమ్మం దాటి పోతే ఊళ్ళో నేను తలెత్తుకోవద్దా? అన్నం తినకుండా ఎట్టా పోతాడో చూస్తా! అవునూ, నీకెట్టా తెలుసు?"

"మేమూ ఆయన వెనకే వస్తున్నామండీ. స్నేహితులం."

ఆ ఆఖరి మాట అనకుండా ఉంటే మావాడు చాణక్యుడయ్యేవాడు.

ఆదివారం నందిగామ నుంచి బయల్దేరాం. నా సైకిలు కదిలితే భూమి కదిలినట్టుంది. గుట్ట దిగేసరికి వాళ్ళు మాకంటే అరమైలు ముందున్నారు. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. నల్లరేగడిలో చెమటలు కక్కుతూ ఆ ఊరు చేరేసరికి, అనుకున్నట్టే, వీధికి అడ్డంగా రెండెడ్ల బండి నిలబెట్టి ఉంది. నందిగామ జట్టు సైకిళ్ళు నాలుగూ గోడకు ఆనించి ఉన్నాయి. వాళ్ళ నాయకుడు నిక్కరుతో, మోకాళ్ళ దాకా బురదతో, పీట మీద కూర్చొని ఉన్నాడు. ముందు అరిటాకు.

"అదిగో, అల్లుడుగారి స్నేహితులు!" అని కేక వేశాడు మామగారు. నలుగురు పాలేర్లు మా హ్యాండిళ్ళు పట్టుకున్నారు.

"మేం తినొచ్చామండీ!" అన్నాను.

"తింటే మాత్రం? అరిగిపోయుంటుంది. కూర్చోండి బాబూ!"

కూర్చోబెట్టారు, అదీ వాడి పక్కనే. వాడు ఆకు మీద నుంచి కళ్ళెత్తకుండా గొణిగాడు. "ఇది నీ పనేనా?"

"నెమ్మది అన్నయ్యా, కొత్త అల్లుడివి. గారెలు గొంతుకు అడ్డం పడతాయ్" అన్నాను.

ఆ ఇంట్లో అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. తలుపు చాటు నుంచి మామగారితో చెబుతుంది, మామగారు వీడితో చెబుతాడు. వీడు వద్దంటే ఆ మాట మామగారి ద్వారా తలుపు చాటుకు వెళ్ళాలి. అది చేరేలోపు గారెలు ఆకులో పడిపోతాయి.

"ఆ అబ్బాయిని ఇంకో రెండు వేయించుకోమనండి."

"ఇంకో రెండు వేయించుకో బాబూ."

"చాలండీ మావయ్యగారూ..."

"చాలంటున్నాడే!"

అప్పటికే నాలుగు పడ్డాయి. నేను ఊరుకుంటానా? "ఈయనకు కోడికూరంటే ప్రాణమండీ, మొహమాటపడుతున్నాడు" అన్నాను. బకెట్టు వచ్చింది. వాడూ తక్కువవాడేం కాదు. "మా తమ్ముడికి బూరెలండీ, నెయ్యి బాగా పొయ్యండి" అన్నాడు. మునేట్లో వరదొచ్చినా అంత నెయ్యి రాదు. కురుక్షేత్రంలో కూడా అన్ని వడ్డనలు జరిగి ఉండవు. ఆఖరుకు మజ్జిగ పోసేసరికి మా ఎనిమిదిమందిలో ఎవరికీ ముందుకు వంగే యోగం లేదు.

లేవగానే వాడు ఏటి వైపు అడుగేశాడు. మామగారు చెయ్యి పట్టుకున్నాడు. "కడుపు నిండా తిని నీళ్ళలోకా? ఏదన్నా అయితే మా పిల్ల గతేంటి? కాసేపు నడుం వాల్చు బాబూ."

"పందెం మావయ్యగారూ..."

"పందెం రేపూ ఉంటుంది."

మంచం వాల్చేశారు. బావమరిది విసనకర్ర పట్టుకొని కాపలా కూర్చున్నాడు. మా సంగతి ఎవరికీ పట్టలేదు. స్నేహితులు మునిగితే వాళ్ళ పిల్లకు వచ్చే నష్టమేముంది? మేం నలుగురం దొర్లుకుంటూ వెళ్ళి మునేట్లో పడ్డాం. ఈదలేదు, తేలాం. నెయ్యి డబ్బాలు తేలవా మరి? జెండా ముట్టుకొని తిరిగొచ్చి, త్రేనుస్తూ సైకిళ్ళెక్కాం. బావమరిది కునుకు తీసినట్టున్నాడు, వాళ్ళు అప్పుడే నీళ్ళలో దిగుతున్నారు.

మేం పేట చేరిన చాలాసేపటికి వాళ్ళు వచ్చారు. వాడి మొహం చూసి నాకు ఏడాది ఆకలి తీరింది. వంగి నా సైకిలు ఎత్తాడు. ఎత్తినవాడు ఒక పక్కకు ఒరిగాడు. మళ్ళీ చూశాడు, ఇదేం ఇనుమురా అన్నట్టు. "జాగ్రత్త, రంగు పోతుంది" అన్నాను. బజారు మొదట్లో అడుగుపెట్టాం. మా వాళ్ళు ఈలలు మొదలుపెట్టారు. నేను చేతులూపుకుంటూ పక్కనే నడవడానికి సిద్ధమయ్యాను.

అప్పుడు వెనక నుంచి ట్రాక్టరు మోత. తొట్టి నిండా వాడి అత్తగారి ఊరు. అల్లుడు ఎటుపోయాడో, అరిగిందో లేదో చూద్దామని వచ్చారు. మామగారికి మా ఆచారం తెలియదు. ఆయనకు కనిపించిందల్లా నడిబజార్లో భుజాన సైకిలు, ముందు తన అల్లుడు, వెనక జనం.

"మా అల్లుడే గెలిచాడర్రోయ్!" అని ట్రాక్టరు మీద నుంచి దూకాడు. పూలకొట్టులో ఉన్న దండలన్నీ కొనేశాడు. పెళ్ళికి వెళ్తున్న డప్పుల వాళ్ళను మధ్యలోనే ఆపి ఇటు తిప్పాడు. డప్పు వినపడితే మా పేట జనం కారణం అడగరు. నా సొంత ఊరు, నా సొంత బజారు, వాడి మీద పూలు చల్లింది. మొదట వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు తిరిగి చూసి, సైకిలు ఒక చేత్తో పట్టుకొని, రెండో చెయ్యి ఎత్తి మేడల మీది ఆడవాళ్ళకు నమస్కారం పెట్టాడు. మా ఇంటి మేడ మీద మా అమ్మ తిరిగి దణ్ణం పెట్టింది.

నేను పరుగెత్తి మామగారి చొక్కా పట్టుకున్నాను. "అయ్యా, ఓడిపోయింది ఆయనండీ! గెలిచింది నేనండీ! ఆ మోసేది నా సైకిలండీ!"

పెద్దాయన నా భుజం తట్టాడు, జాలిగా.

"కుళ్ళుకోకూడదు బాబూ. ఓడినోడికి దండలేస్తారా ఎవరన్నా?"