ఐస్ ప్యాక్‌లో నీళ్ల చప్పుడు

2021వ సంవత్సరం, దసరా వెళ్లిన వారం. చర్ల మండలంలో అడవి అంచున ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, కాలిపోయిన స్టెబిలైజర్ మార్చడానికి వెళ్లాను. నేను కోల్డ్ చైన్ టెక్నీషియన్‌ని. టీకా మందు తయారైన చోటు నుంచి మనిషి భుజంలోకి దిగేదాకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యనే ఉండాలి. ఆ ప్రయాణం మొత్తాన్ని కోల్డ్ చైన్ అంటారు. అందులోని యంత్రాలను పనిలో ఉంచడం నా బాధ్యత. వాటిలో ముఖ్యమైనది ఐ.ఎల్.ఆర్. అంటే గోడల్లో మంచు పొర ఉండే రిఫ్రిజిరేటర్. కరెంటు పోయినా అది చాలాసేపు చలిని నిలుపుకొంటుంది. చర్ల వైపు కరెంటు కంటే ఆ మంచు పొరనే మేం ఎక్కువగా నమ్ముతాం.

వేడి తగిలితే టీకా పాడవుతుందని అందరికీ తెలుసు. గడ్డకట్టినా పాడవుతుందని తెలిసినవారు తక్కువ. మన దగ్గర వేసిన కరోనా టీకాలు గడ్డకట్టకూడని రకం. మన ఎండలు చూసి పెరిగినవాళ్లకు ఇది మనసుకు పట్టడం కష్టం.

స్టెబిలైజర్ బిగించి చేతులు కడుక్కుంటుండగా మెడికల్ ఆఫీసర్ స్రవంతి గారు వచ్చారు. సత్తుపల్లి వైపు అమ్మాయి. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

"రాంబాబు గారూ, మీ పని అయిపోతే మాతో వాగు అవతలికి వస్తారా? ఫార్మసిస్టుకు ఒంట్లో బాగాలేదు. టీకాల పెట్టె, ఆ క్యారియర్ మోసే మనిషి కావాలి. ఈ రోజు తప్పితే ఆ గూడెం మళ్లీ దొరకదు."

అందులో అతిశయోక్తి లేదు. మరునాడు పొద్దున్నే కూలీల మేస్త్రీ ట్రాక్టర్ వస్తుంది. గూడెంలో పని చేయగలిగిన వాళ్లంతా పత్తి ఏరడానికి బోనకల్ వైపు వెళ్లిపోతారు. అక్కడ రేకుల షెడ్లలో పక్కపక్కనే పడుకుంటారు. రెండో వేవ్‌లో అలాంటి షెడ్డులోనే జబ్బు అంటుకుని ఆ గూడెం మనుషులు ఇద్దరు చనిపోయారు. అయినా టీకా అంటే అక్కడ ఎవరూ ముందుకు రాలేదు. గూడెం కోడలే అయిన ఆశా కార్యకర్త సీత, వానలు మొదలైనప్పటి నుంచీ గడప గడపకూ తిరిగి, చివరికి ఈ ఒక్కరోజుకు అందరినీ ఒప్పించింది.

జీపు వాగు దాకా వెళ్లింది. మోకాలి లోతు నీళ్లలో క్యారియర్‌ను తలకెత్తుకుని దాటాను. వేపచెట్టు కింద జనం అప్పటికే కూర్చుని ఉన్నారు. నులక మంచం మీద జోగమ్మ అనే పెద్దావిడ ఉంది. ఆమె సీతకు మేనత్త. దమ్ము జబ్బు మనిషి, రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఆమె వేయించుకుంటే గూడెమంతా వేయించుకుంటుందని సీత దారిలోనే చెప్పింది. మంచం పక్కన తోలు సంచీతో ఖాసిం కూర్చున్నాడు. చర్లలో ఉంటాడు. డిగ్రీ లేదు. మోటారు సైకిల్ మీద గూడేలు తిరుగుతూ దగ్గుకూ జ్వరానికీ సూది వేసే మనిషి. ఆ గూడెంలో 'డాక్టరు' అంటే ఆయనే. అసలు డాక్టర్‌ను 'మేడం' అంటారు.

"నేను సూది ముట్టనమ్మా," అన్నాడు ఖాసిం స్రవంతి గారితో, ఆమె అడగకముందే. "సీత పిలిచింది. జోగమ్మ పక్కన కూసుంట, గంతే."

స్రవంతి గారు తలూపారు. నేను క్యారియర్ మూత తీసి, సీసాలున్న ప్లాస్టిక్ కవర్ పట్టుకున్నాను. వేళ్లకు తగిలిన చలి నాకు నచ్చలేదు. ఒక ఐస్ ప్యాక్ తీసి చెవి దగ్గర ఊపాను. చప్పుడు లేదు.

ఐస్ ప్యాక్ అంటే నీళ్లు నింపి గడ్డకట్టించిన ప్లాస్టిక్ పలక. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసినప్పుడు అది సున్నా కంటే చాలా కింద ఉంటుంది. నేరుగా క్యారియర్‌లో పెడితే పక్కనున్న మందును కూడా గడ్డకట్టిస్తుంది. అందుకే దాన్ని ముందు బల్ల మీద పెట్టి, లోపలి మంచు కొంత కరిగేదాకా ఆగాలి. చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాలి. అప్పుడు అది సున్నా దగ్గరికి వచ్చినట్టు. ఈ పనిని కండిషనింగ్ అంటాం. రోజూ ఆ పని చేసే ఫార్మసిస్టు ఆ రోజు లేడు. బదులు సర్దిన నర్సు, దారి దూరమని, ఎండగా ఉందని, బాగా గట్టిపడ్డ ప్యాక్‌లే ఏరి మరీ పెట్టింది. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకుంది. ఆమెది నిర్లక్ష్యం కాదు, అతిజాగ్రత్త.

ఒక సీసాను వెలుతురుకు పట్టాను. అడుగున సన్నని మంచు పొర కనిపించింది. స్రవంతి గారికి చూపించాను.

"ఒక్కటేనా?" అన్నారు గొంతు తగ్గించి.

"కనిపిస్తున్నది ఒక్కటే. మిగతావి గడ్డకట్టి కరిగాయో, అసలు గడ్డకట్టనే లేదో చెప్పలేను మేడం."

కొన్ని టీకాలకు షేక్ టెస్ట్ అని ఉంది. సీసాను ఊపి, అడుగున మడ్డి ఎంత వేగంగా పేరుకుంటుందో చూసి, గడ్డకట్టిందో లేదో తేల్చవచ్చు. ఈ టీకాకు ఆ పరీక్ష మీద ఆధారపడకూడదు. అనుమానం వస్తే పక్కన పెట్టడమొక్కటే పద్ధతి.

"వేస్తే హాని చేస్తుందా?"

"చేస్తుందని చెప్పలేను. పని చేస్తుందని కూడా చెప్పలేను. వేయించుకున్నాం గదా అన్న ధైర్యంతో పోయి ఆ షెడ్లలో పడుకుంటారు."

ఆమె క్యారియర్ మూత తనే పెట్టేశారు. "అయితే ఇవి వేయను. వీళ్లకేం చెబుదాం?"

జవాబు సీత ఇచ్చింది. "ఉన్నదే చెప్పుండ్రి మేడం. మీరు సాయంత్రం పోతరు. రేపు ఈ గూడెంల ముఖం చూపియ్యాల్సింది నేను."

సీసాను అందరికీ కనిపించేలా పైకెత్తి, జరిగింది జరిగినట్టు చెప్పాను. తర్వాత వెనక వరుసలోంచి ఒకాయన లేచాడు.

"ఏంది సార్, గింత దూరం మోసుకొచ్చి చెడిపోయిందంటరు? పనులిడిసి కూసున్నం మేము!"

"ఇయ్యాల చూసిండ్రు గనుక చెప్పిండ్రు," అన్నాడు ఇంకొకాయన. "చూడకుంట ఎన్ని ఏసిండ్రో!"

ఇద్దరు ముగ్గురు తువ్వాలలు దులుపుకుని నిలబడ్డారు. సీత వాళ్ల దారికి అడ్డం వెళ్లింది. అప్పుడు ఖాసిం మంచం కోడు మీద చేత్తో తట్టాడు.

"అరె, ఆగుండ్రి. నేను ఈ గూడెంకు ఎప్పటి సంది వస్తున్న?"

"నేను పుట్టకముందు సంది," అన్నాడు లేచి నిలబడ్డ ఆయన.

"ఒక్కనాడన్న మందు చెడిపోయిందని పారబోసిన్నా?"

"లే."

"అంటే ఏంది? నా మందు ఎన్నడు చెడిపోలేదనా?" ఖాసిం తోలు సంచీని ఒళ్లోకి లాక్కున్నాడు. "నాకు తెల్వదు. చూసే వస్తువు నా దగ్గర లేదు, చదువు లేదు. ఈ సారుకు తెలిసింది, మీ ముంగటనే చెప్పిండు. చెప్పకుండ ఏస్తే మీకెట్ల తెలుస్తుండె?"

జోగమ్మ మంచం మీద పక్కకు తిరిగింది. "గట్లయితే డాక్టరూ, ఇన్నేండ్లు నాకు పొడిసిన సూదులన్ని ఏంది?"

"నువ్వింకా బతికే ఉన్నవు గదనే జోగమ్మా!"

జనం నవ్వారు. లేచినవాళ్లు కూర్చోలేదు గానీ వెళ్లిపోలేదు. ఆ నవ్వులోనే జోగమ్మ స్రవంతి గారివైపు చూసి అసలు సంగతి అడిగింది.

"మేడం, సూది ఏస్తే జరమొస్తదంట గదా. జరం పోనీకి సూది ఏస్తరు గాని, రానీకి ఏస్తరా?"

"అందరికీ రాదమ్మా. కొందరికి వస్తుంది, రెండు రోజుల్లో తగ్గిపోతుంది. జబ్బు వస్తే ఎట్లా కొట్లాడాలో ఒంటికి ముందే నేర్పిస్తున్నాం. ఆ నేర్చుకోవడంలో వచ్చే వేడి అది."

"సరే, నేర్చుకుంటది. మీరు ఏసి జీపెక్కి పోతరు. రాత్రి నాకు దమ్ము లేస్తే ఎవల్ని పిలవాలె? వాగు దాటి నన్ను ఎవలు మోస్తరు?"

నిజానికి వానాకాలమంతా సీతకు ఎదురైంది ఈ ప్రశ్నేనని అప్పుడు తెలిసింది. పుకార్లకు సీత జవాబు చెప్పగలిగింది. దీనికి ఆమె దగ్గర జవాబు లేదు. టీకా గూడెం దాకా వస్తుంది గానీ డాక్టర్ రాదు. వచ్చినా ఉండదు.

స్రవంతి గారు వెంటనే అన్నారు. "నేను ఈ రాత్రి ఇక్కడే ఉంటానమ్మా. సీత వాళ్లింట్లో. నెబ్యులైజర్ కూడా తెప్పిస్తాను." నెబ్యులైజర్ అంటే దమ్ముకు మందును ఆవిరిలా పీల్పించే చిన్న యంత్రం. తర్వాత నావైపు తిరిగారు. "పొద్దు గూకేలోపు వేరే సీసాలు తేగలరా?"

"తెస్తాను," అన్నాను.

ఆరోగ్య కేంద్రంలో ఐ.ఎల్.ఆర్.లో సీసాలున్నాయి. జీపు వచ్చిన రోడ్డు వానలకు కోసుకుపోయి చుట్టు తిరగాల్సి వస్తుంది. ఖాసిం తన మోటారు సైకిల్ తీశాడు. పోడు చేల మధ్య అడ్డదారి తనకు తెలుసన్నాడు. పక్కన పెట్టిన సీసాలను స్రవంతి గారి దగ్గర వదిలి, ఖాళీ క్యారియర్‌ను మా ఇద్దరి మధ్య ఇరికించుకుని బయల్దేరాం. పోలీసు క్యాంపు దగ్గర ఆపుతారేమోనని అడిగితే, "ఆపుతరు, నడుం నొప్పికి గోలీ అడగనీకి," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

చేరగానే నర్సు ఎదురొచ్చింది. సంగతి విని ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "చల్లగుంటే మంచిదనుకున్న సార్."

"చాలామంది అట్లనే అనుకుంటరమ్మా. రండి, ప్యాక్‌లు బల్ల మీద పరుద్దాం."

కొత్త ఐస్ ప్యాక్‌లు తీసి, ఒకదానికొకటి తగలకుండా పరిచాం. పైన తెల్లటి నూగు పట్టి ఉంది. ఇక చేయగలిగింది ఆగడమే. సామాను సర్ది వాగు వైపు పరుగెత్తాలని చేతులు లాగుతున్నప్పుడు, బల్ల ముందు నిలబడి మంచు కరగడాన్ని చూస్తూ ఉండటమే ఈ వృత్తిలో అన్నింటికంటే కష్టమైన పని. ఖాసిం గుమ్మంలోంచి పొద్దు చూస్తున్నాడు, బల్ల చూస్తున్నాడు.

"జల్దీ సార్. చీకటైతే లేచి పోతరు."

"ఇప్పుడు పెడితే మళ్లీ చెడిపోయినవే మోసుకుపోతం."

"జర నీళ్లల్ల ముంచుదమా?"

"వద్దు. ఆగుదాం."

ఒక ప్యాక్ ఆయన చేతికిచ్చి, చెవి దగ్గర ఎలా ఊపాలో చూపించాను. ఊపాడు. చప్పుడు లేదు. కాసేపాగి మళ్లీ ఊపాడు. మూడోసారి ఊపబోయి ఆగి అడిగాడు.

"సార్, నా సంచిల టీటీ సూదులున్నయి. గొడ్డలి దెబ్బకు, ముల్లు దిగితే ఏస్త. వాటిక్గూడ చల్లదనం కావాల్నా?"

టీటీ అంటే ధనుర్వాతం టీకా. అబద్ధం చెప్పడం సులువే. కానీ కాసేపటి క్రితమే ఆయన నన్ను గూడెం ముందు నిజం చెప్పే మనిషిగా నిలబెట్టాడు.

"కావాలి. కొంత వేడికి ఓర్చుకుంటది గాని, మీ సంచిలో ఎంత వేడికి, ఎన్నాళ్లు ఓర్చుకుందో సీసాను చూసి చెప్పలేం. గడ్డకడితే మాత్రం పనికిరాదు."

ఆయన తన సంచీ వైపు ఓసారి చూసుకున్నాడు. ప్యాక్‌ను మళ్లీ చెవికి ఆనించాడు. ఈసారి ఆయన ముఖం మారింది. నా చెవి దగ్గర పెట్టి ఊపాడు. గులక్‌మని నీళ్లు కదిలాయి. అన్నింటినీ ఒక్కొక్కటిగా ఊపి చూసుకుని, తడి తుడిచి, క్యారియర్‌లో పేర్చి, మధ్యలో సీసాలు పెట్టాను. నర్సు నెబ్యులైజర్ తెచ్చి ఇచ్చింది. కరెంటు పోతే ఎలా అని అడగబోతుండగానే, బ్యాటరీతో నడిచేదే తెచ్చానంది.

మేం వాగు దాటేసరికి పొద్దు చెట్ల వెనక్కి దిగింది. కొందరు ఇళ్లకు వెళ్లి వంట మొదలుపెట్టారు. జోగమ్మ మంచం దిగలేదు. ఆమె పోలేదు గనుక మిగతావాళ్లూ పూర్తిగా పోలేదు. క్యారియర్ తెరిచాను. థర్మామీటరులో గీత ఉండాల్సిన చోటే ఉంది. స్రవంతి గారికి చూపించాను. ఆమె చూసి, జోగమ్మకు కూడా చూపించారు.

"నాకేం తెలుస్తది మేడం ఆ గీత? డాక్టరూ, నువ్వు చెప్పు, ఇది మంచిదేనా?"

ఖాసిం ఒక ఐస్ ప్యాక్ తీసి ఆమె చెవి దగ్గర ఊపాడు. "ఇనబడుతున్నదా?"

"అవ్. నీళ్లు."

"గదైతే మంచిదే."

మొదటి సూది జోగమ్మకు పడింది. ఆ తర్వాత పిలవాల్సిన అవసరం రాలేదు. పొయ్యి మీద గంజి వదిలి వచ్చినవాళ్లున్నారు. మొదట లేచి నిలబడ్డ ఆయన, భుజం చూపిస్తూ, "ఇది చెడిపోలేదు గదా సార్?" అని అడిగాడు. "లేదు," అన్నాను. ఆ రోజు అంత నిశ్చయంగా అనగలిగిన మాట అదొక్కటే.

స్రవంతి గారు చెప్పినట్టే ఆ రాత్రి అక్కడ ఉన్నారు. కొందరికి జ్వరం వచ్చింది, గోలీలతో తగ్గింది. జోగమ్మకు తెల్లవారుజామున దమ్ము లేచింది. ఆమెకు టీకా లేకపోయినా తరచూ లేచేదే. నెబ్యులైజర్‌తో కుదుటపడింది. పొద్దున ట్రాక్టర్‌ను స్రవంతి గారు ఆపించారు. జ్వరం ఉన్నవాళ్లు ఆ రోజు ఎక్కకూడదన్నారు. మేస్త్రీ సణుగుతూనే ఒప్పుకున్నాడని సీత తర్వాత ఫోన్లో చెప్పింది. ఆ ఫోన్లోనే మరో మాట చెప్పి నవ్వింది. "మా అత్త మేడంను డాక్టరమ్మ అంటున్నది సార్. ఖాసిం భాయ్‌ని ఏమనాల్నో తెల్వక ఆయనను గూడ డాక్టరే అంటున్నది."

కొన్నాళ్లకు స్టెబిలైజర్ తనిఖీకి మళ్లీ వెళ్లినప్పుడు, వరండాలో ఖాసిం కనిపించాడు. కాలికి గొడ్డలి దెబ్బ తగిలిన మనిషిని బైకు మీద తీసుకొచ్చాడు. "టీటీ మీ ఫ్రిజ్‌లదే ఏయించుండ్రి," అన్నాడు. తోలు సంచి ఆయన భుజానికే ఉంది.

ఆరోగ్య కేంద్రాల్లో శిక్షణ ఇచ్చేటప్పుడు నేను ముందు ప్రతి ఒక్కరి చేతికీ ఐస్ ప్యాక్ ఇచ్చి, నీళ్ల చప్పుడు వినిపించేదాకా మాట్లాడకుండా కూర్చోబెడతాను. ఆగడం చేతులకు నేర్పడానికి అంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. తర్వాత రెండు డిగ్రీలూ ఎనిమిది డిగ్రీలూ చెబుతాను. చివరికి ఒక ప్రశ్న అడుగుతాను. అది ఏ మాన్యువల్‌లోనూ లేదు. నాకు జోగమ్మ నేర్పింది: మీరు సూది వేసి వచ్చేశాక, ఆ రాత్రి వాళ్లు ఎవరిని పిలవాలి? ఆ పేరు చెప్పగలిగినప్పుడే క్యారియర్ ఎత్తమంటాను.