నా పళ్లెం మీద పాట

మా సంఘంలో ఒకప్పుడు నన్ను గొప్ప ప్రార్థనాపరురాలు అనుకునేవారు. ఆదివారం అందరూ మోకరించి ప్రార్థన చేసి, ఆమెన్ అనగానే లేచి కూర్చుంటే, నేను మాత్రం తల వంచుకుని ఇంకా కిందే ఉండేదాన్ని. వెనక వరసలో ముసలమ్మలు "సూడండి, ఆ కోడలి భక్తి" అని గుసగుసలాడుకునేవారు. భక్తీ లేదు, పాడూ లేదు. లేవలేక. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, ఏ మోకాలు ముందు ఒప్పుకుంటుందా అని చూస్తూ ఉండేదాన్ని. ఒక ఆదివారం రెండూ ఒప్పుకోలేదు. పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టినా నేను కిందే ఉన్నాను. చివరికి మా ఆయన మగవాళ్ళ వైపు నుంచి లేచి వచ్చి, అందరూ చూస్తుండగా నన్ను పైకి లాగారు.

శ్రీకాకుళంలో డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "బరువు తగ్గాలి, వంట మార్చండమ్మా" అన్నారు. నా ఒంటి గురించి ఏమన్నా పడేదాన్నే. వంట జోలికి వచ్చేసరికి కోపం వచ్చింది. పాతపట్నం చుట్టుపక్కల మా వాళ్ళలో నాకున్న పేరంతా నా వంట వల్లే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒక్క పళ్లెం వల్ల.

ఏటా కోత పండుగకి ప్రతి ఇంటివాళ్ళూ దేవుడికి ఏదో ఒకటి తెస్తారు. గుమ్మడికాయ, కోడిపెట్ట, కొత్త బియ్యం, ఎవరి శక్తి వారిది. ఆరాధన అయ్యాక వాటిని సంఘం ఖర్చులకని వేలం వేస్తారు. నేను తెచ్చేది కజ్జికాయలు. కొబ్బరీ బెల్లం కూరి, నూనెలో ఎర్రగా వేయించి, ఇత్తడి పళ్లెంలో పేర్చి తెస్తే, వాటి కోసం పెద్దమనుషులు పంతాలకి పోయి పాడేవారు. మా చర్చిలో పాటలు రెండు రకాలు. దేవుడికి పాడేవి, నా పళ్లెం మీద పాడేవి. ఆ ఒక్క రోజు నేను మా అత్తగారి కంటే పెద్దదాన్ని.

సరే, మోకాళ్ళ కోసం వంట మార్చాను. అన్నం బదులు కొర్రలు వండాను. ఆవ పెట్టిన పనసపొట్టు కూరకి నూనె గరిటెతో కాకుండా చెంచాతో పోశాను. పొద్దున్న ఇడ్లీలు మానిపించి చోడి అంబలి, అంటే రాగి జావే, మజ్జిగ కలిపి ఉల్లిపాయతో ఇచ్చాను. మా అత్తగారు గ్లాసులోకి చూసి, నా వైపు చూశారు.

"ఈ అంబలి తాగలేకే కదే మీ మావ సేత వరి మడి కొనిపించినాను. మల్లీ ఇదే పోస్తన్నావేటి" అన్నారు.

మా ఆయన ఎదురు చెప్పే రకం కాదు. "బాగున్నాది, బాగున్నాది" అంటూ రెండు ముద్దలు తిని లేచిపోయేవారు. ఆకలి లేదట. ఒక సాయంత్రం పక్కన కూర్చుంటే మీసాల్లోంచి పునుగుల వాసన గుప్పుమంది.

"బస్టాండు వైపు వెళ్ళారా" అన్నాను.

"గాలికి వచ్చుంటాది" అన్నారు.

గాలికి వాసన రావచ్చు, అల్లం పచ్చడి చొక్కా మీదికి రాదు కదా. ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు. ఆ శిక్షని ఆయన చాలా హాయిగా అనుభవించారు.

నాకు మాత్రం ఒళ్ళు తేలికపడుతూ వచ్చింది. జాకెట్లు వదులయ్యాయి. ఒక ఆదివారం అందరితో పాటే లేచి కూర్చున్నాను. నా భక్తి తగ్గిపోయిందని వెనక వరసలో బాధపడే ఉంటారు.

ఆ సంబరంలో ఉండగానే కోత పండుగ వచ్చింది. ఇంట్లో అందరి నోళ్ళూ కట్టేసి, దేవుడి పేరు చెప్పి మూకుడు నిండా నూనె పోయడానికి మనసొప్పలేదు. పైగా కజ్జికాయలు వేయిస్తే నేను తినకుండా ఉండలేను. అందుకని చోడి పిండి దోరగా వేయించి, ఖర్జూరం, నువ్వులు, వేరుశనగ గుళ్ళు దంచి కలిపి ఉండలు చుట్టాను. నెయ్యి లేదు, పంచదార లేదు. ఉండలు నల్లగా, గట్టిగా కుదిరాయి.

"ఇవి మంచివండి, ఆరోగ్యానికి" అన్నాను మా అత్తగారితో.

"ఆరోగ్యానికి ఎవలు పాడతారే" అన్నారావిడ.

నేను పట్టించుకోలేదు. నా చేతి మీద నాకు అంత నమ్మకం.

వేలం వేసేది మా ఆయన మేనమామ కొడుకు, నాకు అన్నయ్య వరస. గుమ్మడికాయలూ కోళ్ళూ అయ్యాక, "ఇప్పుడు మా సెల్లెమ్మ పళ్లెం" అంటూ మీద గుడ్డ తీశారు. ఒక ఉండ పైకెత్తి, వేలితో కొట్టి చూశారు.

"సెల్లెమ్మా, ఇవి వండినావా, గెడ్డ ఒడ్డున రాళ్ళు ఏరినావా" అన్నారు.

చర్చంతా నవ్వింది. నేనూ నవ్వాను. "చోడి ఉండలండి. నూనె లేదు, పంచదార లేదు" అన్నాను. గొప్ప అనుకునే చెప్పాను. దాంతో నవ్వు కూడా ఆగిపోయింది.

"పాడండి మరి" అన్నారు అన్నయ్య. ఎవరూ పాడలేదు. ఏటా పంతాలు పట్టే పెద్దమనుషులు చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి చూశారు. మా ఆయన వైపు చూశాను. ఆయన ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. ఆయన పాడితే పెళ్ళాం పళ్లెం మొగుడే కొనుక్కున్నాడని ఊరంతా ఆడిపోసుకుంటుంది, నిజమే. అయినా అప్పుడు ఆయన్ని క్షమించలేదు. ఇన్నేళ్ళ పేరు ఒక్క పూటలో పోయింది, అదీ నా చేతులతో నేనే చుట్టి తెచ్చిన ఉండల వల్ల. ఏడుపొస్తోంది. ఏడిస్తే ఇంకా లోకువ.

అంతలో ఆడవాళ్ళ వైపు ముందు వరసలోంచి "వంద" అని వినిపించింది. మా అత్తగారు.

అన్నయ్య ప్రాణం కుదుటపడింది. "వంద, ఒకటోసారి" అన్నారు.

"నూటేబై" అన్నారు మా అత్తగారు.

"అత్తా, వందకే నీది. ఎవలూ పోటీ నేరు."

"నాకు తెల్దేటిరా. రెండొందలు."

"నీ మీద నువ్వే పాడతన్నావేటి అత్తా."

మా అత్తగారు కర్ర ఊతంతో లేచి నిలబడ్డారు. వెనక వరస దాకా వినపడేలా అన్నారు.

"మా కోడలి పళ్లెం ఏ ఏడూ ఒక్క పాటకి పోనేదు. ఈ ఏడూ పోదు. నువ్వు ఒకటోసారి రెండోసారి అను, అంతే. రెండొందలేబై."

పళ్లెం ఆవిడదే అయింది. చర్చి మెట్ల మీద ఆవిడ చెయ్యి పట్టుకుని దింపుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఒక ఉండ నోట్లో వేసుకుని, ఉన్న నాలుగు పళ్ళతో చాలాసేపు నమిలారు.

"నువ్వేటే ఏడుస్తావు" అన్నారు. "ఇవన్నీ తినాల్సింది నాను."